బీజిప్2 అడిగే చోటు

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను మొత్తంగా దించుకోవాలంటే వికీమీడియా సంస్థ ఇచ్చే మూట పేరు చివర ‘బీజెడ్2’ అని ఉంటుంది. మన అన్నవరం పేజీ కూడా ఆ మూటలోదే. కుదించి కట్టేదీ, మళ్ళీ విప్పేదీ బీజిప్2 అనే ప్రోగ్రాము. దీనికి బొమ్మలూ బటన్లూ లేవు. టెర్మినల్‌లో ఒక్క లైను టైపు చేస్తే చాలు.

తెలుగు పాఠం ఈ ప్రోగ్రాముకు బాగా అనువైన సరుకు. యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అన్నవరం’ అని రాస్తే పొల్లు, సున్నా కలుపుకొని ఏడు సంకేతాలు, మూడేసి బైట్ల చొప్పున 21 బైట్లు. ప్రతి తెలుగు సంకేతమూ 224తోనే మొదలవుతుంది. ఆ వెంటనే 176 గానీ 177 గానీ వస్తుంది. మూడు బైట్లలో ఒకటి ముందే తెలిసిపోయినట్టే!

ఇలాంటి పునరుక్తిని పట్టే ఎత్తు డేవిడ్ వీలర్‌కు 1983లో బెల్ ల్యాబ్స్‌లో ఉండగా తట్టింది. మైకేల్ బరోస్‌తో కలిసి ఆయన దాన్ని బయటపెట్టింది మాత్రం 1994లో. వినడానికి పిచ్చిపనిలా ఉంటుంది. పాఠాన్ని ఒక్కో బైటూ జరుపుతూ గుండ్రంగా తిప్పి, వచ్చిన వరసలన్నిటినీ నిఘంటువు క్రమంలో పేర్చి, ఒక్కో వరస చివరి బైటును మాత్రం ఏరుకోవాలి. ‘వరం’తో మొదలయ్యే వరసలు పక్కపక్కన చేరతాయి. గుండ్రంగా తిప్పాం కనుక వాటి చివర ఉండేది ‘వరం’కు ముందున్న అక్షరమే. అన్నవరం పేజీలో అది చాలాసార్లు ‘న’. అలా ఒకే రకం బైట్లు గుంపులు కడతాయి, గుంపుల్ని కుదించడం తేలిక. అసలు పాఠం ఎన్నో వరసో చెప్పే ఒక్క అంకె దాచుకుంటే చాలు, అంతా మళ్ళీ వెనక్కి వస్తుంది.

జూలియన్ సెవర్డ్ దీన్ని బీజిప్2గా మలిచాడు. అంతకుముందరి బీజిప్‌లో వాడిన అంకగణిత కోడింగుకు పేటెంట్ల బెడద ఉండటంతో హఫ్‌మన్ కోడుకు మారాడు.

వరసలు పేర్చాలంటే పాఠం మెమరీలో ఉండాలి. అందుకే బీజిప్2 దాన్ని దిమ్మలుగా కోస్తుంది: -1 అంటే లక్ష బైట్లు, -9 అంటే తొమ్మిది లక్షలు. కట్టేటప్పుడు దిమ్మకు ఎనిమిది రెట్లూ పైన 400 కిలోబైట్లూ, విప్పేటప్పుడు నాలుగు రెట్లూ పైన 100 కిలోబైట్లూ కావాలి. -9కి లెక్కేస్తే 7,600, 3,700 కిలోబైట్లు. ఏమీ చెప్పకపోతే -9నే తీసుకుంటుంది. అన్నవరంలో రత్నగిరి కొండ మీద వ్రతాలకు జంటల్ని జట్లుగా కూర్చోబెట్టినట్టే ఇదీ. పది జంటలే వచ్చినా పెద్ద మండపమే తెరిచారనుకోండి, పీటలు మాత్రం పదింటికే పడతాయి. 20,000 బైట్ల ఫైలుకూ -9 అడిగేది 7,600 కిలోబైట్లే, నిజంగా తాకేది 560.

నాకు నచ్చింది, ఈ లెక్కంతా సెవర్డ్ మాన్యువల్లోనే పెట్టడం. కట్టేవాడు ఎంచుకున్న అంకెకు విప్పేవాడు కూడా చెల్లించాలి మరి. నాలుగు మెగాబైట్ల యంత్రమున్నవాడి కోసం -ఎస్ అనే మీటా పెట్టాడు: సుమారు 2,350 కిలోబైట్లతో సరిపెట్టుకుంటుంది, వేగం సగమవుతుంది. పెద్ద దిమ్మ మీద భ్రమలూ పెంచలేదు. కుదింపును పరీక్షించడానికి వాడే కాల్గరీ నమూనా ఫైళ్ళు పద్నాలుగూ కలిసి 31,41,622 బైట్లు. -1తో 9,14,704కు, -9తో 8,28,642కు దిగాయి. -8తోనూ అంతే, ఎందుకంటే వాటిలో ఎనిమిది లక్షలు దాటిన ఫైలే లేదు. మెమరీ తప్పుల్ని పట్టే వాల్‌గ్రైండ్ కూడా తర్వాత ఆయన చేతి నుంచే వచ్చింది.

ఇవాళ 3,700 కిలోబైట్లు ఫోనుకు కూడా లెక్కలోకి రావు. కానీ ఇలాంటిదే మరో కుదింపు ప్రోగ్రాము ఎక్స్‌జెడ్‌ను -9తో నడిపితే కట్టడానికి 674, విప్పడానికి 65 మెగాబైట్లు అడుగుతుంది.

వికీపీడియా మూటల్లో ఇంకో రకం ఉంది. వంద పేజీలకో కట్ట, ఏ పేజీ ఏ కట్టలో ఉందో చెప్పే సూచిక. అన్నవరం కావాలంటే ఆ వంద పేజీలే విప్పుకుంటే చాలు. బదులుగా మూట కాస్త లావెక్కుతుంది.