మాట లేదా, జవాబు రాలేదా? – నేతపదాల డేటాబేసులో టైమౌట్లు

థానే జిల్లాలోని మరమగ్గాల పట్టణం భివండీకి తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ఎందరో ఉన్నారు. మగ్గం మారితే మాట మారుతుంది. కొన్ని చేనేత పదాలు పెద్దల నోటనే మిగులుతాయి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం చేనేత సంపుటం 1971లో వెలువడింది. అటువంటి సేకరణ నేడు చేపట్టేవారు పదాలను కంప్యూటర్ డేటాబేసులో భద్రపరుస్తారు. పదాలు పెరిగేకొద్దీ వారికి ఎదురయ్యే చిక్కు ఒకదాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

పదాన్ని వెతకమంటే కాసేపు ఆగి ‘టైమౌట్’ అని వస్తుంది. డాట్‌నెట్‌తో రాసిన డెస్క్‌టాప్ అప్లికేషన్లలో, వేరే గడువు పెట్టకపోతే, మైక్రోసాఫ్ట్ సర్వర్ జవాబు కోసం క్వెరీ 30 సెకన్లు వేచి ఉంటుంది. పేక తెగితే మరమగ్గం ఆగినట్టే ఇదీ. ఆగడం లోపం కాదు, లోపానికి సూచన. గడువును సున్నా చేస్తే హద్దు పోతుంది, కారణం మాత్రం అలాగే ఉంటుంది.

కారణాలు ముఖ్యంగా రెండు. మొదటిది వెతికే తీరు. ‘కండె’తో మొదలయ్యే పదాలను అడిగితే ఇండెక్స్ అకారాది నిఘంటువులా నేరుగా ఆ చోటికి చేరుస్తుంది. పదంలో ఎక్కడున్నా సరే అని అడిగితే ఆ సౌకర్యం అందదు. ‘నూలుకండె’ దొరకాలంటే మొదటి నుంచి చివరిదాకా అన్నీ చూడవలసిందే. తెలుగు సమాసాలను కలిపి రాస్తాము కనుక ఈ ఇబ్బంది మనకు ఎక్కువ. నూలు, కండె అని విడి భాగాలను వేరే పట్టికలో చేర్చి, దానికి ఇండెక్స్ కట్టడం మేలు.

రెండవది తాళం. ఒకరు ఒక పదాన్ని దిద్దుతూ, మార్పును ముగించకుండా లేచి వెళితే, రెండవవారి క్వెరీ దానికోసం కాచుకొని ఉండవచ్చు. మిగిలినవారు అప్లికేషన్ మూసినప్పుడు అదే క్వెరీ వెంటనే జవాబిస్తే అనుమానం తాళం మీదికే పోవాలి. ఒంటరిగా నడిపినా ఆలస్యమైతే వెతికే తీరును పరిశీలించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉంది. కొన్ని అప్లికేషన్లు టైమౌట్‌ను తెలపక, ఖాళీ జాబితా చూపుతాయి. దాన్ని నమ్మి ‘ఈ పదం భివండీలో లభించలేదు’ అని రాస్తే, వృద్ధ నేతకారుడు చెప్పిన మాట నమోదై ఉండి కూడా లేనిదవుతుంది. కనుక ‘దొరకలేదు’, ‘వెతకడం పూర్తికాలేదు’ అనే రెండు జవాబులూ తెరపై వేరువేరుగా కనిపించేట్లు చూడాలని పరిశోధకులకు మా సూచన.