కోచ్ రమ్మన్నాడు సరే, ఫీజు సంగతేమిటి?

"అమెరికా నుంచి ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ మా వాడికి మెయిల్ పెట్టాడండీ. ఇక ఫీజు ఉండదు కదా?" బెంగళూరులోనో చెన్నైలోనో స్కూలు టీములో ఆడే పిల్లలున్న మన ఇళ్లలో ఈ మాట వినబడుతూ ఉంటుంది. ఆ మెయిల్ చిన్న కాలేజీ నుంచి వచ్చిందంటే, ఫీజు ఉండే అవకాశమే ఎక్కువ.

అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ. దాని కింద కాలేజీలు మూడు డివిజన్లుగా ఉంటాయి. టీవీలో కనిపించే ఆర్భాటమంతా మొదటి డివిజన్‌ది. మొదటి రెండు డివిజన్లలో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. 1973లో ఏర్పడిన మూడో డివిజన్‌లో ఇవ్వకూడదు. కాలేజీల సంఖ్యలో పెద్దది ఇదే, 400కు పైగా ఉన్నాయి. చిన్న కాలేజీలంటే చిన్నచూపు అక్కర్లేదు. ఎంఐటీ, షికాగో విశ్వవిద్యాలయం, ఎమొరీ, ఆమ్‌హెర్స్ట్, విలియమ్స్ అన్నీ ఈ జాబితాలోవే. కొన్నేళ్లుగా ఎన్‌బీఏలో ఆడుతున్న డంకన్ రాబిన్సన్ కూడా మొదటి ఏడాది విలియమ్స్‌లోనే ఆడాడు.

ఇక్కడ నిబంధన గట్టిది. ఆర్థిక సాయం లెక్కగట్టేటప్పుడు విద్యార్థి ఆటను పరిగణనలోకి తీసుకోకూడదు. బాగా ఆడతాడని ఒక్క డాలరు ఎక్కువ ఇవ్వడానికి లేదు. మోకాలు దెబ్బతిని ఆట మానేశాడని తగ్గించడానికీ లేదు. ఈ రెండో సంగతి మన పెద్దవాళ్లకు ఊరట కలిగించేదే.

మరి కోచ్ పిల్లల వెంట పడడం ఎందుకు? టీము కావాలి కాబట్టి. జట్టులో నాలుగేళ్ల విద్యార్థులూ కలిసి ఉంటారు, అందుకని ఏటా కొత్తగా తీసుకునేది కొద్దిమందినే. ఆ కొద్దిమంది పేర్లు కోచ్ అడ్మిషన్ల ఆఫీసుకు ఇస్తాడు. చాలా పేరున్న కాలేజీల్లో చివరి ఏడాదికి ముందు వేసవిలో, జులై తర్వాత, ఆ ఆఫీసు విద్యార్థి మార్కులను ముందుగానే చూసి 'అవకాశం ఉంది' అనో 'కష్టం' అనో కోచ్‌కు చెబుతుంది. దీన్ని ప్రీ-రీడ్ అంటారు. కోచ్ మాటకు ఎంత బరువుంటుందన్నది కాలేజీని బట్టి మారుతుంది. చదువు దగ్గర ఏమాత్రం సడలించని క్యాల్‌టెక్ పురుషుల జట్టు తన లీగ్‌లో వరుసగా 310 మ్యాచ్‌లు ఓడి, 2011 ఫిబ్రవరిలో ఆక్సిడెంటల్ కాలేజీపై ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. అక్కడి కోచ్ అవస్థ ఊహించుకోవచ్చు!

మన దగ్గర పద్ధతి వేరు. తమిళనాడు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో క్రీడాకారులకు విడిగా సీట్లుంటాయి, సర్టిఫికెట్ స్థాయిని బట్టి మార్కులు వేస్తారు. అమెరికా కోచ్‌కు మన జిల్లా, రాష్ట్ర సర్టిఫికెట్లు పెద్దగా అర్థం కావు. ఆయన చూసేది వీడియో. రెండు మూడు నిమిషాల మెరుపులు ఒకటి, ఆపకుండా తీసిన పూర్తి మ్యాచ్ ఒకటి పంపాలి. మెరుపుల్లో అందరూ బాగానే ఆడతారు. బంతి చేతిలో లేనప్పుడు ఏం చేస్తున్నాడు, ఓడిపోతున్నప్పుడు వెనక్కి పరుగెత్తుతున్నాడా అన్నది పూర్తి మ్యాచ్‌లోనే తెలుస్తుంది. ఫోను గ్యాలరీలో ఎత్తున, కోర్టు మధ్య గీతకు ఎదురుగా పెడితే చాలు. జెర్సీ నంబరు, బూట్లు లేకుండా కొలిచిన ఎత్తు, ఆడే స్థానం, మార్కులు మెయిల్‌లో రాయాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో ఆటగాళ్ల కోసం ఉండే ఫారం కూడా నింపాలి. ఇవన్నీ పిల్లలే చేయాలి. నాన్న రాసిన మెయిల్ కోచ్ ఇట్టే పసిగడతాడు.

వచ్చిన ప్రతి మెయిలూ పిలుపు కాదు. డబ్బు కట్టి శిబిరానికి రమ్మనే మెయిళ్లు వందలమందికి వెళ్తాయి. కోచ్ పూర్తి మ్యాచ్ చూసి, మార్కుల పత్రాలు అడిగి, ఫోనులో మాట్లాడితే అప్పుడు సంగతి వేరు.

ఇక డబ్బు. ఆమ్‌హెర్స్ట్, విలియమ్స్ వంటి చోట్ల ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటుతుంది. అక్కడ మార్కులకూ స్కాలర్‌షిప్ ఉండదు, కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం. ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్, బోడిన్ విదేశీ విద్యార్థి విషయంలో కూడా డబ్బు అవసరాన్ని చూడకుండా సీటు నిర్ణయించి, ఆ తర్వాత అవసరమైనంత సాయం చేస్తాయి. ఇలాంటివి కొద్దే. చాలా కాలేజీల్లో విదేశీయులు సాయం అడిగితే సీటు అవకాశం తగ్గుతుంది. ఇంత పేరు లేని కాలేజీలు కొన్ని మంచి మార్కులకు ఫీజు తగ్గిస్తాయి. మధ్యతరగతి కుటుంబం ముందు అడగాల్సింది అక్కడే అని మా అభిప్రాయం.

కోచ్ సాధారణంగా ఎర్లీ డెసిషన్ పద్ధతిలో దరఖాస్తు పెట్టమంటాడు. సీటు వస్తే చేరి తీరాలన్న ఒప్పందం అది. సాయం చాలకపోతే బయటికి రావచ్చు గానీ, ఈలోగా మిగతా కాలేజీల విషయంలో విలువైన సమయం పోతుంది. అందుకని సంతకానికి ముందే ఆర్థిక సాయం ఆఫీసు నుంచి అంచనా రాతపూర్వకంగా అడగండి. కోచ్ నోటిమాట లెక్కలోకి రాదు, ఆ అధికారం ఆయనకు లేదు. "మూడో డివిజన్‌లో ఫుల్ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం" అంటూ లక్షలు అడిగే ఏజెంటు కనిపిస్తే, అసలు లేనిదాన్ని అమ్ముతున్నాడని గ్రహించండి.

మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. మనం పన్నెండో తరగతి బోర్డు మార్కుల కోసం ఎదురుచూస్తాం. ఎర్లీ డెసిషన్ దరఖాస్తు గడువేమో సాధారణంగా నవంబరులోనే ముగుస్తుంది, బోర్డు పరీక్షలకు నెలల ముందు. అక్కడ చదివేది తొమ్మిది, పది, పదకొండు తరగతుల మార్కులు. 'పదకొండే కదా, బోర్డు కాదుగా' అని ఆ ఏడాదంతా కోర్టులోనే గడిపిన పిల్లాడి విషయంలో కోచ్ ఎంత ఇష్టపడినా చేయగలిగింది తక్కువే.