పదో వంతు మిల్లీమీటరు ఖాళీ

టాపెట్ సౌండ్ అనే మాట వినని మెకానికల్ స్టూడెంట్ ఉండడు. హాస్టల్ ముందు ఎవరైనా పాత బుల్లెట్ స్టార్ట్ చేస్తే చాలు, పక్కనున్నవాడు చెవి ఒగ్గి విని, "టాపెట్లు కొడుతున్నాయిరా, ఒకసారి చూపించు" అంటాడు. ఇంజిన్ టిక్కుటిక్కుమంటే రోగం, నిశ్శబ్దంగా ఉంటే ఆరోగ్యం అన్నది మనందరి నమ్మకం. ఆ నమ్మకం సగమే నిజం. మిగతా సగం ఎంత ప్రమాదమో చెప్పడానికే ఈ వ్యాసం.

ఉదాహరణకి పోర్షే 911 తీసుకుంటాను. ఇప్పటి కారు కాదు, గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న పాత తరం కారు. మా బాబాయ్ కాలిఫోర్నియాలో ఉంటారు. ఆయన దగ్గర 1983 నాటి 911 ఎస్‌సీ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దానికి వాల్వులు తనే అడ్జస్ట్ చేసుకుందామని కూర్చున్నప్పుడు వీడియో కాల్‌లో పక్కన ఉన్నది నేనే. స్పానర్ ఆయన చేతిలో, లెక్కలు నా నోట్‌బుక్‌లో.

అసలు ఖాళీ ఎందుకు?

ఐసీ ఇంజిన్స్ పేపర్లో వాల్వ్ టైమింగ్ డయాగ్రం గీసి మార్కులు తెచ్చుకుంటాం. కానీ ఆ డయాగ్రంలో కనపడని సంగతి ఒకటుంది. క్యామ్‌కీ వాల్వ్‌కీ మధ్య ఎక్కడో ఒకచోట కొంచెం ఖాళీ ఉండాలి.

911 ఇంజిన్లో ఆరు సిలిండర్లు. ఇటు మూడు, అటు మూడు, ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. ఒక్కో సిలిండర్‌కి ఒక ఇన్‌టేక్ వాల్వ్, ఒక ఎగ్జాస్ట్ వాల్వ్, మొత్తం పన్నెండు. ఒక్కో వైపుకి ఒక క్యామ్ షాఫ్ట్. క్యామ్ ఉబ్బు తగిలితే రాకర్ ఒక కొస లేస్తుంది, రెండో కొస దిగి వాల్వ్ తోకని నొక్కుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. రాకర్ రెండో కొసన ఒక స్క్రూ, దాని చివర కొంచెం అటూ ఇటూ ఒరిగే చిన్న పాదం ఉంటాయి. ఏనుగు పాదంలా చదునుగా ఉంటుందని దాన్ని అక్కడివాళ్లు ఎలిఫెంట్ ఫుట్ అంటారు.

క్యామ్ గుండ్రటి వీపు రాకర్ వైపు తిరిగినప్పుడు వాల్వ్ పూర్తిగా మూసుకోవాలి. అప్పుడు ఆ పాదానికీ వాల్వ్ తోకకీ మధ్య ఉండాల్సిన ఖాళీ 0.10 మిల్లీమీటర్. ఇన్‌టేక్‌కైనా ఎగ్జాస్ట్‌కైనా అంతే. మనం ప్రింటవుట్ తీసుకునే ఏ4 కాగితం మందం కూడా దాదాపు అంతే.

వేడెక్కితే లోహం పెరుగుతుంది. 100 మిల్లీమీటర్ల స్టీలు కడ్డీని 100 డిగ్రీలు వేడి చేస్తే సుమారు 0.12 మిల్లీమీటర్ పెరుగుతుంది. అంటే మన ఖాళీ కంటే ఎక్కువే! అయితే వాల్వ్ ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం హెడ్ కూడా పెరుగుతుంది. అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెట్టింపు పెరుగుతుంది. కాకపోతే అది వాల్వ్ అంత వేడెక్కదు. ఈ పెరుగుదలలన్నీ లెక్కలోకి తీసుకునే తయారీదారు ఒక అంకె చెప్తాడు. ఆ అంకె చల్లని ఇంజిన్‌కి మాత్రమే వర్తిస్తుంది. అందుకే బండి రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే స్టార్ట్ చేయకుండా కొలవాలి.

అరిచేది, అరవనిది

ఖాళీ ఎక్కువైతే ఏమవుతుంది? క్యామ్ ఉబ్బు మొదట్లోనూ చివర్లోనూ మెల్లగా ఎక్కి మెల్లగా దిగే చిన్న వాలు ఉంటుంది. రాకర్ వాల్వ్‌ని మెత్తగా అందుకోవడానికి, మెత్తగా వదలడానికి చేసిన ఏర్పాటు అది. ఖాళీ పెరిగితే ఆ వాలు దాటాక గానీ తగలదు. అప్పుడు ప్రతిసారీ చిన్న సుత్తి దెబ్బే. టిక్, టిక్, టిక్. వాల్వ్ కొంచెం ఆలస్యంగా తెరుచుకుని, కొంచెం ముందే మూసుకుంటుంది. పవర్ కాస్త తగ్గుతుంది, అరుగుదల పెరుగుతుంది. నష్టమే కానీ, అది అరిచి చెప్తుంది. మనకి టైమ్ ఇస్తుంది.

ఖాళీ తగ్గితే మాత్రం చప్పుడు ఉండదు. పైగా ఇంజిన్ ముందుకంటే నెమ్మదిగా, హాయిగా తిరుగుతున్నట్టే వినిపిస్తుంది. కానీ లోపల జరిగేది వేరు. ఎగ్జాస్ట్ వాల్వ్ మంటలో బతికే భాగం. దాని వేడిలో ఎక్కువ భాగం బయటికి పోయే దారి ఒక్కటే, మూసుకున్నప్పుడు హెడ్‌లోని సీటుని తాకి ఉండడం. 911లో ఈ వాల్వుల కాడ లోపల సోడియం కూడా నింపుతారు. సోడియం 98 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. కరిగి పైకీ కిందకీ ఊగుతూ తలలోని వేడిని కాడకి మోస్తుంది. అంత చేసినా సీటు తగలకపోతే లాభం లేదు. ఖాళీ సున్నా అయిపోతే వాల్వ్ పూర్తిగా కూర్చోదు. వేడి పోయే దారి మూసుకుపోతుంది. కూర్చోని ఆ సందులోంచి మండే గ్యాస్ దూసుకుపోయి అంచుని కాల్చేస్తుంది. కాలిన వాల్వ్ మార్చాలంటే హెడ్ తీయాలి. ఈ కారులో హెడ్ తీయాలంటే ఇంజిన్‌నే కిందికి దించాలి. ఒక స్క్రూ పావు తిప్పు తిప్పితే పోయే పని ఇంత దూరం వస్తుంది.

"వాడేకొద్దీ వస్తువు అరుగుతుంది కదా, ఖాళీ పెరగాలి కానీ తగ్గడమేంటి?" అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. క్యామ్, రాకర్, స్క్రూ పాదం అరిగితే ఖాళీ పెరుగుతుంది, నిజమే. కానీ వాల్వ్ అంచూ సీటూ అరిగితే వాల్వ్ హెడ్‌లోకి ఇంకొంచెం దిగబడుతుంది. దాని తోక అంతమేర రాకర్ వైపు పొడుచుకొస్తుంది. అంటే ఖాళీ తగ్గుతుంది. ఒకే ఇంజిన్లో కొన్ని వాల్వులు వదులవుతుంటే కొన్ని బిగుసుకుంటుంటాయి. 1980ల నాటి 911కి 15,000 మైళ్లకోసారి, అంటే సుమారు 24,000 కిలోమీటర్లకోసారి, వాల్వులు చూడాలని చెప్పింది ఇందుకే.

పని ఎలా సాగుతుంది

నాలుగు వాల్వ్ కవర్లు విప్పాలి. ఇన్‌టేక్ వాల్వులు పైన, ఎగ్జాస్ట్ వాల్వులు కింద. కాబట్టి సగం పని వంగి, సగం పని కారు కింద పడుకుని. క్రాంక్ పుల్లీ మీద జెడ్1 అనే గీత ఉంటుంది. దాన్ని గుర్తుకి ఎదురుగా తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూడాలి. రోటర్ కూడా దాని అంచు మీది గాటు వైపు చూస్తుంటే మొదటి సిలిండర్ కంప్రెషన్ చివర ఉన్నట్టు. దాని రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. రోటర్ ఎదురు దిక్కు చూస్తుంటే క్రాంక్ ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి.

ఇక్కడ మన క్లాసు లెక్క పనికొస్తుంది. ఫోర్ స్ట్రోక్ సైకిల్‌కి క్రాంక్ 720 డిగ్రీలు తిరుగుతుంది. ఆరు సిలిండర్లకి పంచితే 120. ఫైరింగ్ ఆర్డర్ 1-6-2-4-3-5. ఒకటో సిలిండర్ అయ్యాక పుల్లీని 120 డిగ్రీలు సవ్యదిశలో తిప్పితే ఆరు, మళ్లీ తిప్పితే రెండు, అలా ఐదు దాకా. క్రాంక్ రెండు చుట్లు పూర్తయ్యేసరికి పన్నెండు వాల్వులూ అయిపోతాయి.

కొలవడానికి ఫీలర్ గేజ్. 0.10 బ్లేడు దూర్చి లాగితే కొంచెం పట్టుగా జారాలి. వెన్నలో కత్తిలా కాదు, ఇరుక్కున్న సొరుగులా కాదు, పుస్తకం మధ్య నుంచి కాగితం లాగినట్టు. లేదంటే 13 మిల్లీమీటర్ల లాక్ నట్ వదులు చేసి స్క్రూ తిప్పాలి. ఓపిక కావాల్సింది దీని తర్వాతే. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతో పాటు కొంచెం తిరుగుతుంది. అందుకే స్క్రూడ్రైవర్‌తో స్క్రూని కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి, బిగించాక మళ్లీ కొలవాలి.

ఏనుగు పాదం కింద నూనె పొర ఉంటుంది, పాదం ఒరుగుతుంది కూడా. దాంతో బ్లేడు పట్టు ఒక్కొక్కరికి ఒక్కోలా అనిపిస్తుంది. అందుకని కొందరు రాకర్ అవతలి కొసన, క్యామ్ వీపుకీ రాకర్‌కీ మధ్య కొలుస్తారు. రాకర్ చేతుల పొడవుల నిష్పత్తి వల్ల అక్కడ ఖాళీ తక్కువ. అంగుళంలో 0.0025 బ్లేడు దూరాలి, 0.003 దూరకూడదు. చేతి పట్టుతో పని లేదు, దూరిందా లేదా అన్నదే జవాబు.

ఆ శనివారం తేలింది

బాబాయ్‌కి శనివారం పొద్దున, నాకు శనివారం రాత్రి. ఆయన దిగులంతా కొన్నాళ్లుగా వినిపిస్తున్న టిక్ టిక్ గురించే. అది రెండో సిలిండర్ ఇన్‌టేక్‌లో దొరికింది. 0.15 బ్లేడు సులువుగా దూరింది. సరిచేసి, "హమ్మయ్య, దొంగ దొరికాడురా. మిగతావి ఒక్క చప్పుడు కూడా చెయ్యట్లేదు, వదిలేద్దామా?" అన్నారు.

"ఎగ్జాస్టులు చూడకుండా కవర్లు వెయ్యకండి బాబాయ్" అన్నాను.

నాలుగు అయ్యాయి, మూడు అయ్యాయి, బాగానే ఉన్నాయి. చివరిది ఐదు. దాని ఎగ్జాస్ట్ కింద 0.10 బ్లేడు దూరలేదు. 0.08 దూరలేదు. 0.05 బిగువుగా వెళ్లింది. సగం ఖాళీ అప్పటికే పోయింది. నలభై ఏళ్ల కారులో వాల్వూ సీటూ మామూలుగా అరిగిన ఫలితమే అది. కానీ ఆ పన్నెండింటిలో ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా ప్రమాదం వైపు నడుస్తున్నది అదే. ఆయనకి నిద్ర లేకుండా చేసిందేమో ఇంకోటి.

మౌనం అర్ధాంగీకారం అంటాం. ఇంజిన్ దగ్గర ఆ సామెత చెల్లదు.

మన బండ్ల సంగతి

1990ల నడుమ వచ్చిన 993 తరం 911 నుంచి నూనె ఒత్తిడితో ఖాళీని తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు పెట్టారు. ఈ పని అక్కడితో పోయింది. మన చుట్టూ ఉన్న చాలా బైకులకి మాత్రం ఇప్పటికీ స్క్రూలో, షిమ్ములో ఉన్నాయి. ప్రతి మోడల్‌కీ అంకె వేరు, ఇన్‌టేక్‌కీ ఎగ్జాస్ట్‌కీ కూడా వేరు కావచ్చు. మీ బండి అంకె ఓనర్స్ మాన్యువల్లో గానీ సర్వీస్ మాన్యువల్లో గానీ ఉంటుంది. సర్వీసుకి ఇచ్చినప్పుడు రెండు మాటలు అడగండి: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కొలిచారా, గేజ్‌తో కొలిచారా? "సౌండ్ లేకుండా టైట్ చేసేశాం సార్" అని సమాధానం వస్తే సంతోషపడకండి. మళ్లీ కొలవమనండి. కొలిచిన అంకెలు తేదీ వేసి రాసిపెట్టుకోండి. తర్వాతి సర్వీసులో ఏ వాల్వ్ ఎటు నడుస్తోందో ఆ కాగితమే చెప్తుంది. చెవి మాత్రం చెప్పలేదు.