వాటర్‌కలర్‌లో తెల్ల ముగ్గు: మాస్కింగ్ ఫ్లూయిడ్ వాడే పద్ధతి

వాటర్‌కలర్ కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "తెల్లరంగు ఎప్పుడు వేయాలండీ?" జవాబు ఏంటంటే, వేయకూడదు, మిగుల్చుకోవాలి. వాటర్‌కలర్ పారదర్శకంగా ఉంటుంది కదా, అందులో తెలుపు అంటే కాగితమే. రంగు తగలకుండా ఆ కాగితాన్ని కాపాడే మందే మాస్కింగ్ ఫ్లూయిడ్. ఈ ఎపిసోడ్‌లో దాని గురించి మాట్లాడుకుందాం.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మాది అశోక్‌నగర్. కొన్నేళ్ళ క్రితం మా పాత ఇంటిని అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చేశాం. కూల్చే ముందు వచ్చిన సంక్రాంతికి అమ్మ గుమ్మం ముందు సందు చుక్కల ముగ్గు వేసింది, 15 నుంచి 8 వరకు. నేను అక్కడే కూర్చుని బొమ్మ మొదలుపెట్టాను. ముగ్గు గీతల మీద మాస్కింగ్ ఫ్లూయిడ్ పెట్టి, కళ్ళాపి చల్లిన నేల రంగు వేశాను. ఇంతలో సామాన్లు సర్దే హడావుడి. బొమ్మ అట్టల మధ్య ఉండిపోయింది. మళ్ళీ మే నెలలో తీశాను. హైదరాబాద్ ఎండల సంగతి మీకు తెలిసిందే. రబ్బరు కాగితానికి పట్టేసింది. రుద్దితే గీతలతో పాటు కాగితం పైపొర కూడా లేచొచ్చింది. బొమ్మ ఉంది కదా అని ఫోటో కూడా తీసుకోలేదు. అప్పటికి ఇల్లు కూడా లేదు.

అలా ఎందుకైందో తెలియాలంటే సీసాలో ఏముందో తెలియాలి. మామూలుగా దొరికే మాస్కింగ్ ఫ్లూయిడ్‌లో ఉండేది రబ్బరు చెట్టు పాలు. అవి గడ్డకట్టకుండా అమ్మోనియా కలుపుతారు. మూత తీయగానే వచ్చే ఘాటు అదే. అందుకని కిటికీ తీసి పని చేయండి. రబ్బరు పాలు పడని వాళ్ళు, అంటే లేటెక్స్ ఎలర్జీ ఉన్నవాళ్ళు, దీన్ని వాడకండి. కాగితం మీద పెట్టాక నీరు, అమ్మోనియా ఆరిపోయి పల్చని రబ్బరు పొర మిగులుతుంది. దాని కిందికి రంగు వెళ్ళదు. ఎక్కువ రోజులు ఉంచినా, వేడి తగిలినా ఆ పొర కాగితాన్ని గట్టిగా పట్టుకుంటుంది. నా బొమ్మకి రెండూ జరిగాయి.

ఆలోచన మాత్రం మనకి కొత్తది కాదండి. పాత కలంకారీలో బట్టని నీలిమందులో ముంచే ముందు, నీలం అక్కర్లేని చోట మైనం పూసేవాళ్ళు. తర్వాత వేడినీళ్ళలో ఆ మైనం తీసేసేవాళ్ళు. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు అంటకూడని చోట నూలుని బిగించి కడతారు. ఎక్కడైనా సూత్రం ఒకటే: రంగు పడకముందే తెలుపు ఎక్కడో నిర్ణయించుకోవాలి.

ఇప్పుడు పద్ధతి చూద్దాం. కాగితం 300 జీఎస్‌ఎం కాటన్‌ది అయితే మంచిది. పల్చటి స్కెచ్‌బుక్ కాగితం చిరిగిపోతుంది. ఏ కాగితమైనా ముందు ఒక మూల ముక్క మీద పరీక్షించండి. పెన్సిల్ గీతలు పూర్తయ్యాకే ఫ్లూయిడ్ పెట్టాలి. కాగితం పూర్తిగా పొడిగా ఉండాలి. తడి ఉంటే రబ్బరు పీచులోకి దిగుతుంది, తర్వాత ఊడిరాదు.

సీసాని గట్టిగా ఊపకండి. బుడగలు వస్తే ఆ చిల్లుల్లోంచి రంగు కారుతుంది. కావలసిన నాలుగు చుక్కలు చిన్న మూతలో పోసుకుని, సీసా వెంటనే మూసేయండి.

మంచి బ్రష్ మాత్రం ముంచొద్దు, పాడైపోతుంది. పాత సింథటిక్ బ్రష్‌ని తడి సబ్బు మీద రుద్ది, ఎక్కువైనది తుడిచి, అప్పుడు ముంచండి. మధ్యమధ్యలో కడుగుతూ ఉండండి. ముగ్గు చుక్కలకి టూత్‌పిక్ చాలు. సన్నగీతలకి సిరాలో ముంచి రాసే పాళీ బాగుంటుంది. ముగ్గు వేసినట్టే ముందు చుక్కలు, తర్వాత గీతలు.

అది ఆరాక రంగు వేయండి. రంగు పూర్తిగా ఆరేదాకా ఆగండి. తొందరపడి హెయిర్ డ్రయర్ పెట్టొద్దు. రబ్బరు మీద నిలిచిన రంగు బొట్లు కూడా ఆరాలి, లేకపోతే తీసేటప్పుడు తెలుపు మీద పులుముకుంటాయి. తర్వాత శుభ్రమైన వేలితో మెల్లగా రుద్దితే అంచు లేస్తుంది. దాన్ని పైకి లాగకుండా, కాగితానికి ఆనించినట్టు పక్కకి లాగండి. వీలైతే అదే రోజు తీసేయండి.

తీశాక గీతలు కత్తిరించి అతికించినట్టు కనిపిస్తాయి. తడి బ్రష్‌తో అక్కడక్కడా అంచు మెత్తబరచండి. పొద్దున్నే నీడలో ఉన్న ముగ్గు మరీ తెల్లగా ఉండదు కదా, కొన్నిచోట్ల చాలా పల్చగా నీలం వేయండి.

అన్నిటికీ ఇది అవసరం లేదు. నారాయణగూడ మెట్రో స్తంభాల్లాంటి తిన్నని అంచులకి మాస్కింగ్ టేపు చాలు. చిక్కడపల్లి మార్కెట్‌లో మల్లెపూల బుట్ట వేస్తే, బుట్టలోని తెలుపుని బ్రష్‌తోనే వదిలేయొచ్చు. విడిగా రాలిన నాలుగు మొగ్గలకే ఫ్లూయిడ్ వాడండి.

ఈ వీడియో కోసం వేసిన బొమ్మ కూడా ఆ ముగ్గే. అమ్మని అడిగితే అపార్ట్‌మెంట్ వరండాలో మళ్ళీ వేసింది. చుక్కలు అవే, గుమ్మం వేరు. ఈసారి పొద్దున వేసి, సాయంత్రానికల్లా రబ్బరు తీసేశాను. ముందు రోజే ఫోటో కూడా తీసుకున్నాను.

మీరూ చిన్న ముగ్గుతో మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, సెలవు.