గొర్రెల దగ్గరికి తిరిగి వెళ్లిన సంగీతకారుడు

మా సంఘంలో డోలక్ వాయించే తమ్ముడిది కొబ్బరి దింపు పని. తెల్లవారుతూనే కాళ్లకు తాడు, నడుముకు కత్తి కట్టుకుని చెట్టెక్కితే ఎండ ముదిరేదాకా తోటలోనే ఉంటాడు. చెట్టుకింతని కూలి. ఎక్కని రోజు కూలి లేదు. కోనసీమలో ఈ పని మీద బతికే కుటుంబాల గురించి ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు.

కొన్నేళ్ల క్రితం డిసెంబరు నెల అది. మన దగ్గర ఒకటో తేదీ నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి కదా! ఒక రాత్రి అంబాజీపేట వైపు, ఒక రాత్రి మామిడికుదురు వైపు, మధ్యలో మా ఊళ్లో క్యారల్స్. అది చాలదన్నట్టు ఆ ఏడాది మా క్వయర్ చేత నాలుగు క్రిస్మస్ పాటలు రికార్డు చేయించాలన్న కోరిక నాకు పుట్టింది. పగలు అందరూ పనుల్లో ఉంటారు కనుక, కార్యక్రమం ముగించుకుని వచ్చాక రాత్రి పదకొండు దాటిన తర్వాత సాధన పెట్టాను. నాలుగో రోజున ఆ తమ్ముడు నా దగ్గరికి వచ్చి, "అయ్యగారండీ, పొద్దున్న చెట్టు మీద కళ్లు మూతలు పడిపోతున్నాయండి" అన్నాడు. నేను నవ్వి, భుజం తట్టి, "దేవుని పని తమ్ముడూ! బలం ఆయనే ఇస్తాడు" అన్నాను. మరుసటి వారం అతను సగం చెట్టు మీద నుంచి జారిపడ్డాడు. కాలి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం మీదే ఉన్నాడు.

అందరం వెళ్లి ప్రార్థన చేశాం. ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తా ఇచ్చాం. రికార్డింగు మాత్రం ఆపలేదు. వేరే ఊరి నుంచి డోలక్ వాయించే కుర్రాణ్ని డబ్బులిచ్చి పిలిపించుకున్నాం. ఏళ్ల తరబడి వాయించిన మా తమ్ముడికి ఏనాడూ ఒక్క రూపాయి ఇవ్వని మేము, బయటి కుర్రాడికి ఇవ్వడానికి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఈ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. చాలాకాలం తర్వాత దావీదు చరిత్ర బోధించడానికి సిద్ధపడుతున్నప్పుడు తట్టింది.

సౌలు రాజు మనశ్శాంతి కోల్పోయినప్పుడు సితారా వాయించే మనిషిని వెదికించాడు. అలా దావీదు రాజు దగ్గరికి వచ్చాడు (1 సమూయేలు 16). రాజుగారి ఇంట్లో సంగీత సేవ! ఇక గొర్రెలతో పనేముందని మనం అనుకుంటాం. అయితే తర్వాతి అధ్యాయంలో ఒక చిన్న వచనం ఉంది. బేత్లెహేములో తండ్రి గొర్రెలను చూసుకోవడానికి అతను సౌలు దగ్గర నుంచి వెళ్లి వస్తూ ఉండేవాడని ఆ వచనం చెబుతుంది (17:15). సెమినరీలో మాకు ఈ వచనం మీద పెద్ద చర్చ జరిగేది. 16వ అధ్యాయంలో సౌలుకు ఎంతో ఇష్టుడైన దావీదు, 17వ అధ్యాయం చివరికి వచ్చేసరికి ఎవరి కొడుకో కూడా తెలియనివాడు ఎలా అయ్యాడు? ఆ రెండు కథనాలను కలపడానికి ఈ వచనాన్ని వంతెనలా వేశారని కొందరు పండితులు అంటారు. పరీక్షలో నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే నాకు ఆ వంతెన కంటే, గిబియాకూ బేత్లెహేముకూ నడుమ ఉన్న సుమారు పదిహేను కిలోమీటర్ల దారీ, ఆ దారిలో నడిచి వెళ్తున్న కుర్రాడూ కనబడుతున్నారు. రాత్రి రాజు దగ్గర సితారా, పగలు కొండ మీద మంద. ఏదీ వదిలిపెట్టలేదు.

ఆ నడక అతను మరిచిపోలేదేమో అనిపిస్తుంది. ఎందుకంటే రాజైన తర్వాత దేవుని మందిర సేవకు గాయకులను ఏర్పాటు చేసినప్పుడు దావీదు మొదట చేసిన పని వంతులు వేయడం. ప్రవీణులైన గాయకులు 288 మంది. వారిని పన్నెండేసి మంది చొప్పున 24 వంతులుగా విభజించారు. పెద్దా చిన్నా, గురువూ శిష్యుడూ అన్న తేడా లేకుండా చీట్లు వేశారు (1 దినవృత్తాంతములు 25). రాత్రింబగళ్లు సేవలో ఉండవలసిన గాయకులకు ఇతర పనుల నుంచి విడుదల ఉండేదని అదే గ్రంథం చెబుతోంది (9:33). మనం రాత్రింబగళ్లు అన్న మాటను పట్టుకున్నాం. విడుదల అన్న మాటను జారవిడిచాం.

ఆ ఏర్పాటు చెడిపోతే ఏమవుతుందో నెహెమ్యా చూశాడు. ఆయన కొంతకాలం పారసీక రాజు దగ్గరికి వెళ్లి, తిరిగి యెరూషలేముకు వచ్చేసరికి మందిరంలో పాట లేదు. లేవీయులకు, గాయకులకు రావలసిన భాగాలు ఎవరూ ఇవ్వలేదు. వారంతా ఎవరి పొలాలకు వారు పారిపోయారు (నెహెమ్యా 13:10). మనమైతే ఏమంటాం? "ఈ కాలం పిల్లల్లో భక్తి తగ్గింది, డబ్బు సంపాదన మీద పడ్డారు" అంటాం. నెహెమ్యా గాయకుల మీద కోప్పడలేదు. అధికారుల మీద కోప్పడ్డాడు. గాయకులను పిలిపించి వారి స్థలాల్లో నిలబెట్టాడు. ధాన్యం, ద్రాక్షారసం, నూనె కొట్లకు చేరేటట్టు చూశాడు, లెక్క చూడటానికి నమ్మకస్థులను పెట్టాడు. పొలానికి వెళ్లడం పాపమని ఆయన ఎక్కడా అనలేదు. తిండి కోసం వెళ్లినవాణ్ని ఏమని అంటాడు?

మన డెల్టాలో సువార్త చరిత్ర కూడా చేతులతో పని చేసుకున్న మనుషులతోనే మొదలైంది. 1836లో ఆంటనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ గొప్ప చదువులు చదివినవారు కారు. ఒకరిది రాతిపని, మరొకరిది చెప్పుల పని. ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో అక్కడి కూలీల మధ్య వీరి పరిచర్య జరిగింది. నేటికీ గోదావరి డెల్టా సంఘాల్లో పాట పాడేది వ్యవసాయ కూలీలు, టీచర్లు, నర్సులు, ఆటో నడిపేవాళ్లు, కొబ్బరిపీచు పరిశ్రమలో పని చేసే అక్కచెల్లెళ్లు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చు వేసి ఉంటాయి. సంగీతం ఎక్కడా నేర్చుకోని వీరు ఆ పాటలను పెద్దల నోట విని, తరం తర్వాత తరం, తాళం తప్పకుండా మోసుకొచ్చారు.

అయితే పాడటం ఒక ఎత్తు, రికార్డు చేయడం మరో ఎత్తు. క్యాసెట్ల రోజుల్లో చిన్న స్టూడియోలకు వెళితే అందరూ ఒకే గదిలో, ఒకేసారి పాడాలి. చివరి చరణంలో ఒకరు తప్పితే మళ్లీ పల్లవి దగ్గర నుంచి మొదలు. పదిమందికీ ఒకే రోజు సెలవు దొరకాలి. కూలివాడికి ఒక రోజు కూలి పోవాలి. ఇప్పుడు కంప్యూటరు మీద ఒక్కొక్కరిది ఒక్కో ట్రాక్‌గా విడివిడిగా తీస్తున్నారు. ముందు తాళం కోసం టిక్ టిక్ మనే క్లిక్ పెట్టుకుని, పాట ఎలా సాగాలో తెలిసేలా కీబోర్డు వాయించి ఉంచుతారు. తర్వాత డోలక్ ఆదివారం, ఆడపిల్లల గొంతులు మంగళవారం సాయంత్రం, మగవాళ్లవి మరో రోజు. ఉద్యోగాలున్నవారికి ఇది గొప్ప మేలు. పది మంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పాడితే వచ్చే బలం అందులో రాదని మా పెద్దలు అంటారు. వారి మాట నిజమే, కాని ఆ బలం కోసం ఇంకొకరి కాలు విరగ్గొట్టే ధైర్యం నాకు లేదు.

ఖర్చు సంగతీ చెప్పాలి. సీడీల కాలంలో నాకు తెలిసిన ఒక సోదరుడు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, భార్య గాజులు తాకట్టు పెట్టి ఎనిమిది పాటల ఆల్బమ్ తీశాడు. స్టూడియోకి గంటల లెక్కన కట్టాడు, కీబోర్డు వాయించినవారికి, మిక్సింగ్ చేసినవారికి, కవరు బొమ్మ వేసినవారికి ఇచ్చాడు. వెయ్యి సీడీలు కొట్టించాడు. ఆవిష్కరణ రోజున వేదిక మీద నేనూ ఉన్నాను, చప్పట్లు కొట్టాను. ఆరు వందల సీడీలు ఇప్పటికీ మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది. పాటలు బాగోలేక కాదు, నిజంగా బాగున్నాయి. సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, అదీ పోయి అంతా ఫోన్లోకి వచ్చింది. ప్రార్థన చేసి ముందుకు వెళ్లమన్నాను గానీ, మొదట ఒక్క పాట తీసి చూడు తమ్ముడూ అని నేనైనా చెప్పి ఉండవలసింది.

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్న విశ్వాసుల నుంచి వస్తుంది. "పాటలు రికార్డు చేస్తే ఉద్యోగానికి ఇబ్బందా అండీ?" అని. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 15వ నియమం, అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కరలేదంటుంది. ఆఫీసు పని దెబ్బతినకూడదు. ఎవరి దగ్గరైనా రుసుము తీసుకోవాలంటే అనుమతి ఉండాలి. రాష్ట్ర ఉద్యోగులకు వేరే నియమావళి ఉంది, తమ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. అడగకుండా రహస్యంగా చేసి, తర్వాత దాన్ని విశ్వాసానికి వచ్చిన శ్రమగా సాక్ష్యం చెప్పడం నాకు నచ్చదు.

పేరు దాచుకోవలసి వచ్చినవారు పెద్దల్లోనూ ఉన్నారు. నిడదవోలులో 1920లో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941లో మద్రాసు రేడియోలో చేరి, ఉద్యోగ జీవితమంతా ఆకాశవాణిలోనే గడిపారు. ఆయన ఉద్యోగమే సంగీతం, అది కొద్దిమందికే దక్కే భాగ్యం. అయినా ఆ ఉద్యోగం వల్లనే సినిమాలకు చేసిన పాటల్లో తన పేరు వేసుకోలేకపోయారు. ఆ కొలువులో ఉంటూనే 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాశారు, దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సముద్రాల అవతల లోవెల్ మేసన్ అనే ఆయన కథ ఇంకా చిత్రం. అమెరికాలోని సవానా పట్టణంలో పగలు బ్యాంకు ఉద్యోగం, ఆదివారం చర్చి క్వయర్. ఆయన కూర్చిన కీర్తనల రాగాల సంపుటి 1822లో బోస్టన్‌లో అచ్చయినప్పుడు సంపాదకుడిగా తన పేరు వద్దన్నాడు. బ్యాంకువాళ్లకు తాను సంగీతం మనిషినని తెలియడం ఇష్టం లేదట! ఆయన కట్టిన బాణీలు నేటికీ లోకమంతటా ఆరాధనల్లో వినబడుతున్నాయి.

మా క్వయర్ పాడిన పాటల్లో ఒకదాని మీద కూడా రాసినవారి పేరు లేదు. రాజోలు వైపు నుంచి కువైట్ వెళ్లి, ఒక ఇంట్లో పని చేస్తున్న సోదరి పాట అది. అక్కడ శుక్రవారం సెలవు కనుక తెలుగువారి ఆరాధన ఆ రోజే జరుగుతుంది. ఆమెకు ప్రతి శుక్రవారమూ బయటికి పంపరు. బట్టలు ఇస్త్రీ చేస్తూ పల్లవి కట్టుకుందట. ఫోన్లో సన్నగా పాడి వాట్సాప్‌లో పంపింది. మొదటి చరణం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, రెండోదానికి నెల. వెనకాల గిన్నెల చప్పుడు వినబడుతూనే ఉంది. పాట సిద్ధమయ్యాక పేరు వేస్తామంటే, "వద్దండి అయ్యగారూ, పని మానేసి ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నానని మా మేడంకి తెలిస్తే పని పోద్దండి. ఇద్దరు పిల్లల ఫీజులండి" అంది. వేయలేదు. ఆదివారం ఆ పాట పాడినప్పుడల్లా, ఆమె తల్లి మూడో వరుసలో కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది.

ఇప్పుడు మా సంఘంలో క్వయర్‌ను రెండు వంతులుగా చేశాం. సెమీ క్రిస్మస్ పిలుపులన్నీ ఒప్పుకోవడం మానేశాను. ఇందుకు కొందరు సాటి సేవకులు నొచ్చుకున్నారు కూడా. రాత్రి తొమ్మిదికి కీబోర్డు మూసేయాలి. సాధన కోసం కూలి పోయినవారికి ఇవ్వడానికి ఒక డబ్బా పెట్టాం, దాని లెక్క ఇద్దరు ఆడవాళ్ల చేతిలో ఉంది. దింపు తమ్ముడు మొదట తీసుకోనన్నాడు. అతని భార్య తీసుకుంది. అతను మళ్లీ చెట్లెక్కుతున్నాడు, వద్దంటే వినలేదు. "ఇంకేం పని తెలుసండీ నాకు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఈ నెలలో మళ్లీ ఒక పాట రికార్డు చేయాలి. స్టూడియోకి వెళ్లడం లేదు. చర్చి పక్క గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపి, మైకు పెట్టుకుంటాం. రాత్రి అయితే నిశ్శబ్దంగా ఉంటుందని కుర్రాళ్లు అన్నారు. కాని చర్చి వెనక రొయ్యల చెరువులున్నాయి, రాత్రయితే ఏరియేటర్ల హోరు. ఆపమని అడిగితే చెరువు రైతు, "ఆపితే గాలి అందక రొయ్యలు పోతాయండి అయ్యగారూ. ఎండ బాగా కాసే రోజున మధ్యాహ్నం పూట ఆపుకోవచ్చు" అన్నాడు. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాలు చేసి, రెండు గంటలకు పెట్టుకున్నాం. ఆ వేళకు దింపు తమ్ముడూ ఖాళీయే.