చేటలోని తెల్లరాయి

అన్నములో రాయి తగిలిన దినమున ఇంటిలో మొదట వినబడు ప్రశ్న "కన్నులెక్కడ పెట్టుకొని ఏరినావు?" అనునది. ఇట్లడుగువారిలో ఎన్నడైన చేట పట్టినవారు మిక్కిలి తక్కువ. కన్నులు చేటలోనే యున్నను రాయి కనబడకపోవచ్చునని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 40 ఏండ్లకు పైగా పరీక్షలు చేసి చూపుచున్నారు. ఆ సంగతులు మన సోదరీమణులకు పనికివచ్చునవి గనుక ఇచ్చట కొన్ని వివరించుచున్నాము.

తెల్లని బియ్యములో నల్లరాయి యొకటి యున్నదనుకొందము. సోలెడు బియ్యమైనను చేటెడు బియ్యమైనను అది తానై వచ్చి కంటికి తగులును. తెల్లరాయి మాట అట్లు కాదు. దాని రంగు బియ్యపు రంగే. ఆకారములో మాత్రము స్వల్పభేదము. పిడికెడు పిడికెడు జరిపి చూడవలెను. బియ్యము హెచ్చినకొలది కాలమును హెచ్చును. ఈ రెండు విధముల వెదకుటను గూర్చి ఆన్ ట్రీస్మన్ అను ఆంగ్లదేశపు విదుషి, గారీ గెలేడు అను నాయనతో కలిసి, 1980లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. రంగువంటి ఒక్క గుణమును దృష్టి ఒక్కమారుగా అంతటను పట్టగలదు. రెండు మూడు గుణములు కలిపి గాని గుర్తింపరాని వస్తువును వెదకునపుడు మనస్సు ఒక్కొక్కచోట నిలిచి సాగవలెనని ఆమె మతము. తరువాతివారు దీనిని కొంత సవరించిరి.

పరధ్యానము వీధినుండియే రానక్కరలేదు, చేటలోనే యుండవచ్చును. హాలండు దేశీయుడగు యాన్ టేవెస్ 1992లో ఒక పరీక్ష జరిపెను. ఆకుపచ్చని చతురస్రములను మూలపై నిలిపి, వాని నడుమ ఆకుపచ్చని సున్న యొకటి యుంచి, దానిని కనుగొనుమనెను. కొన్ని పర్యాయములు ఆ చతురస్రములలో ఒకదానిని ఎఱ్ఱగా చేసెను. ఎఱ్ఱనిది తమకు కావలసినది కాదని వెదకువారికి తెలియును. అయినను అది యున్నపుడెల్ల సున్నను పట్టుట ఆలస్యమయ్యెను. కంటిని లాగునది వద్దన్నను లాగును. ఇందువలన మాకు తోచునదేమనగా, ఏరునపుడు పచ్చని వడ్లగింజలను, నల్లని బెడ్డలను మొదటి చూపులో తీసివేసి, తెల్లరాళ్లకై రెండవసారి చూచుట మేలు.

ఇక మాటల వలని పరధ్యానము. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున డేవిడ్ స్ట్రేయరును ఆయన సహచరులును 2003లో ప్రకటించిన పరీక్షలలో, కృత్రిమమగు కారు నడుపుచు టెలిఫోనులో సంభాషించువారు దారిప్రక్కనున్న ప్రకటన ఫలకములను చూచిరా లేదా యని కంటి చలనమును కొలిచిరి. చూపు నేరుగా ఫలకముపై బడినను, తరువాత దానిని గుర్తించుటలో వారు వెనుకబడిరి. ఫోనును చేత పట్టుకొనకయే మాటలాడినను ఫలిత మిదియే. కన్ను చూచినది మనస్సునకు చేరలేదన్నమాట. రాళ్లు ఏరుచున్న కోడలిని పడకగదినుండి ఒకరు, పంచనుండి ఒకరు పిలిచి సమాధానము రాబట్టువారు దీనిని కొంచెము ఆలోచింపవలెను.

చేయి తిరిగిన వారికి ఇట్టి చిక్కు లేదందురేమో! బోస్టను నగరమున ట్రాఫ్టన్ డ్రూ, మెలిసా వో, జెరెమీ వుల్ఫ్ అను మువ్వురు 24 మంది ఎక్సురే వైద్యులకు ఊపిరితిత్తుల చిత్రములిచ్చి, అందలి చిన్నగడ్డలను వెదకుమనిరి. చివరి చిత్రములలో ఒక గొరిల్లా బొమ్మను చేర్చిరి. అది సాధారణముగా కనబడు గడ్డకంటె 48 రెట్లు పెద్దది. ఆ 24 మందిలో 20 మందికి అది కనబడలేదు. వారిలో 12 మంది చూపు సరిగా దానిమీదనే పడినది! 2013లో వెలువడిన ఈ పరీక్ష ఆ వైద్యులను నిందించుటకు కాదు. గడ్డకై సిద్ధమైన మనస్సునకు గొరిల్లాతో పని లేకపోయెను.

అరుదైనది మఱింత సులభముగా తప్పించుకొనును. వుల్ఫ్ తన మిత్రులతో 2005లో ప్రకటించిన పరీక్షలో, వెదకవలసిన వస్తువు సగము చిత్రములలో నున్నపుడు నూటికి 7 మాత్రమే తప్పిపోగా, నూటికి ఒక్క చిత్రములోనే యున్నపుడు 30 తప్పిపోయినవి. రొమ్ములోని పుట్టకురుపుకై ఆరోగ్యవంతులైన స్త్రీలకు తీయు ఎక్సురే చిత్రములలో వ్యాధి కనబడునవి చాల కొద్ది. చీకటి గదిలో వానిని వరుసగా చూచు వైద్యుని మాటిమాటికి టెలిఫోనుకు పిలుచుట ఎంత అపాయమో వేరుగా చెప్పనక్కరలేదు. కొన్ని దేశములలో ఒక్కొక్క చిత్రమును ఇద్దరు వైద్యులు వేరువేరుగా చూచు నియమము కలదు. మన వంటింట సార్టెక్సు బియ్యము వచ్చినపిమ్మట రాళ్లు తగ్గినవి. ఆ మిగిలిన ఒక్క రాయి పూర్వముకంటె కొంటెదని మా యనుమానము.

అన్నములో రాయి పంటితో పోవును. ముసలివారి మాత్రల సంగతి అట్లు కాదు. రక్తపుపోటు మాత్రయు, చక్కెరవ్యాధి మాత్రయు ఒకేరీతి తెల్లగా, గుండ్రముగా నుండవచ్చును. వానిని వేరుచేసి వారమునకు సరిపడ సర్దుచున్న యిల్లాలిని ఆ పావుగంటసేపు పిలువకుండుట ఇంటివారందరి విధి. రేడియోయు, టెలివిజనును, సెల్‌ఫోనును అప్పుడు ఊరకుండవలెను.

వెదకునపుడు వస్తువు పేరును పైకి ఉచ్చరించుట కూడ కొంత సాయమగునని గ్యారీ లూపియన్, డేనియల్ స్వింగ్లీ అనువారు 2012లో కనుగొనిరి. "తాళపుచెవి, తాళపుచెవి" యని గొణుగుచు తిరుగు అత్తగారిని చూచి నవ్వకుడు. అయితే ఆ వస్తువు మన మెరిగిన రూపముతోనే యున్నపుడు గాని ఈ ఉపాయము ఫలింపదు. కొత్త డబ్బాలో దాచిన జీలకఱ్ఱను ఎన్నిమారులు పేరుపెట్టి పిలిచినను లాభము లేదు. డబ్బా మూత ఏ రంగుదో ముందు అడిగి తెలిసికొనవలెను.