హెడ్‌లైటుకు దక్కని వోల్టులు

పాత కారు హెడ్‌లైట్లు గుడ్డిదీపాల్లా వెలుగుతుంటే చాలామంది చేసే మొదటి పని కొత్త బల్బులు కొనడం. 60/55 వాట్ల బల్బు తీసేసి, 100/90 వాట్లది బిగిస్తారు. వెలుగు కాస్త పెరుగుతుంది. కొన్నాళ్లకు డాష్‌బోర్డు దగ్గర ప్లాస్టిక్ కమిలిన వాసన కూడా మొదలవుతుంది. అసలు తప్పు చాలాసార్లు బల్బుది కాదు, దానికి కరెంటు తెచ్చే దారిది.

మారుతి 800 సంగతే తీసుకోండి. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరి దాకా తయారైన ఆ బండి మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ కాలపు చిన్నకార్లలో చాలావాటికి హెడ్‌లైట్ల కోసం విడిగా రిలే లేదు. బల్బులు తాగే కరెంటంతా బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టెకు, అక్కణ్ణుంచి స్టీరింగు దగ్గరి స్విచ్చుకు, డిప్పర్‌కు వెళ్లి, మళ్లీ బండి ముందుకు రావాలి. సన్నని తీగ, పొడవైన దారి, మధ్యలో అరడజను అతుకులు. బండి కొత్తదిగా ఉన్నప్పుడు ఇదంతా బాగానే నడుస్తుంది. ఇరవై ఏళ్లు గడిచాక రాగి కొసలకు చిలుము పడుతుంది, ఎర్త్ బోల్టు కింద తుప్పు చేరుతుంది, స్విచ్చులోని లోహపు బిళ్లలు మాడి గరుకుబారతాయి. విశాఖ, కాకినాడల్లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇవన్నీ కలిసి తెచ్చే అదనపు నిరోధం చాలా చిన్నది. 0.2 ఓం అనుకుందాం. 55 వాట్ల బల్బులు రెండూ వెలిగినప్పుడు పారేది సుమారు 9 ఆంపియర్లు. ఓమ్ సూత్రం ప్రకారం 1.8 వోల్టులు దారిలోనే ఖర్చవుతాయి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులుంటే బల్బుకు చేరేది 12.2. పోయింది ఎనిమిదో వంతేగా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజితో సమంగా తగ్గదు, దాదాపు 3.4వ ఘాతంలో తగ్గుతుంది. లెక్క కడితే పోయిన వెలుగు మూడో వంతుకు పైనే.

ఎందుకింత తేడా? టంగ్‌స్టన్ తీగ మూడు వేల డిగ్రీలకు దగ్గరగా వేడెక్కినప్పుడు కూడా అది వెదజల్లే శక్తిలో ఎక్కువ భాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. ఆ వేడి కాస్త తగ్గితే మొత్తం శక్తి తగ్గడమే కాదు, మిగిలినదాంట్లో కంటికి కనిపించే వాటా కూడా పడిపోతుంది. నీరసపడిన హెడ్‌లైటు పసుపుగా, కొన్నిసార్లు ఎర్రగా కనబడేది అందుకే.

ఆ పోయిన 1.8 వోల్టులు ఎక్కడికీ పోలేదు. 9 ఆంపియర్లతో గుణిస్తే 16 వాట్లు. ఆ వేడి స్విచ్చులోనూ అతుకుల్లోనూ పుడుతోంది. సాకెట్టు విప్పి చూస్తే ఒక పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, పెళుసుబారి ఉంటుంది. ఈ స్థితిలో 90 వాట్ల బల్బులు పెడితే కరెంటు 15 ఆంపియర్ల వైపు పోతుంది. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి స్విచ్చు మీద భారం రెట్టింపు దాటుతుంది. అది అప్‌గ్రేడ్ కాదు, నిప్పుతో చెలగాటం.

కాబట్టి ముందు కొలవాలి. ఇక్కడే ఒక తికమక ఉంది. మల్టీమీటరును ఓం గుర్తు మీద పెట్టి తీగను కొలిస్తే సాధారణంగా ‘బాగానే ఉంది’ అంటుంది. మీటరు సొంత తీగల నిరోధమే అంత ఉంటుంది కనుక 0.2 ఓం దానికి ఆనదు. పైగా అది పంపే కరెంటు అతి స్వల్పం. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్క పోగు మీద వేలాడుతున్న తీగ కూడా ఆ పరీక్ష నెగ్గేస్తుంది. అందుకే లైట్లు వెలుగుతుండగా, ఇంజను నడుస్తుండగా వోల్టులు కొలవాలి. మీటరు ఎర్ర కొసను బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల కొసను బల్బు వెనక పాజిటివ్ పిన్ను మీద ఆనిస్తే, దారిలో ఎంత పోతోందో నేరుగా కనిపిస్తుంది. బల్బు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కూడా అలాగే చూడాలి. రెండూ కలిపి అర వోల్టు లోపుంటే వైరింగ్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఒక వోల్టు దాటితే పని ఉన్నట్టే.

ఎర్త్ వైపు నష్టమైతే ఖర్చు దాదాపు సున్నా. బోల్టు విప్పి, కింద లోహం మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించి, పైన కాస్త గ్రీజు పూస్తే చాలు. ఈ ఒక్క పనితోనే లైట్లు తేరుకున్న బండ్లు ఎన్నో.

పాజిటివ్ వైపు నష్టమైతే రిలే వేసుకోవాలి. పాత స్విచ్చు ఇక రిలేలోని తీగచుట్టకు మాత్రమే కరెంటిస్తుంది, అది ఆంపియరులో అయిదో వంతు కూడా ఉండదు. చుట్ట అయస్కాంతమై లోపలి స్విచ్చును లాగితే, అసలు కరెంటు బ్యాటరీ నుంచి పొట్టిదారిన బల్బుకు పోతుంది. రిలే అడుగున అంకెలుంటాయి: 85, 86 తీగచుట్టవి, 30 బ్యాటరీది, 87 బల్బుది. కొన్ని జపాన్ డిజైన్లలో స్విచ్చు ఎర్త్ వైపు ఉంటుంది. అది చూసుకోకుండా బజారు కిట్టు తగిలిస్తే లైట్లు వింతగా ప్రవర్తిస్తాయి. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది, సన్న పోగులది వాడాలి. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. అది కాపాడేది బల్బును కాదు, తీగను. ఫ్యూజుకు ముందున్న ముక్క ఎక్కడైనా బాడీకి రాసుకుంటే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది.

ఎల్‌ఈడీ బల్బులు పెట్టుకోవచ్చుగా అని అడిగేవాళ్లకు నా జవాబు వద్దనే. హెచ్-4 బల్బులో ఫిలమెంటు ఎక్కడుందో లెక్కగట్టి దాని చుట్టూ అద్దం వంపు తీర్చారు. డిప్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప కూడా ఉంటుంది, వెలుగు పైకి పోకుండా. ఎల్‌ఈడీ చిప్పులు సరిగ్గా ఆ చోట కుదరకపోతే ఎదుటివాడి కళ్లు చెదురుతాయి, మన రోడ్డు మాత్రం చీకటిగానే ఉంటుంది.

రిలేతో ఒక నష్టమూ ఉంది. వోల్టేజి 5 శాతం పెరిగితే ఫిలమెంటు ఆయుష్షు దాదాపు సగానికి పడుతుంది. డిక్కీలో ఒక బల్బు అదనంగా ఉంచుకోండి. బిగించేటప్పుడు గాజును వేళ్లతో ముట్టకండి, చర్మం మీది జిడ్డూ ఉప్పూ ఆ వేడికి గాజును పాడుచేస్తాయి.

ఇదే కొలత స్టార్టరుకూ పనికొస్తుంది. అక్కడ పారేది వంద ఆంపియర్ల పైమాట, కాబట్టి 0.01 ఓం కూడా ఒక వోల్టు మింగేస్తుంది. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తెగే స్థితిలో ఉంటే ఆ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ క్లచ్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో వేడెక్కుతుంటే చూడాల్సింది కేబులును కాదు, ఆ పట్టీని.